కోడిపెట్టంత తప్పు

తగువు ఇంకా మొదలే కాలేదు, బిజెక్ అప్పుడే క్షమాపణ చెప్పేశాడు.

పొద్దున్నే చింగోలి ఊరి నాయకుడి వాకిట్లో మామిడిచెట్టు కింద జనం చేరారు. మగవాళ్ళు బల్లల మీద కూర్చున్నారు, ఆడవాళ్ళు నేల మీద చాపలు పరుచుకున్నారు. ఫెలెస్టా తన చిన్నకూతురు మలీటా పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది. మలీటా వీపున కట్టుకున్న గుడ్డలో ఆరు వారాల మగబిడ్డ నిద్రపోతున్నాడు. తగువంతా ఆ బిడ్డ గురించే. ఆరోగ్య పుస్తకం లేని బిడ్డకు ఆసుపత్రిలో సూదులు వేయరు. నాయకుడి ఉత్తరం లేనిదే నర్సు ఆ పుస్తకం రాయదు. ఊరి ఆడది ఆసుపత్రిలో కాకుండా బయట బిడ్డను కంటే, నాయకుడికి ఒక మేకనిచ్చి తప్పు ఒప్పుకున్న తరవాతే ఆ ఉత్తరం. చింగోలి ఊరి చట్టం అది. కొండకు అవతల ఊళ్ళో కోరింత దగ్గు వచ్చి అప్పటికి ఇద్దరు పసిపిల్లలు పోయారు. అంచేత ఫెలెస్టా వారం రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు.

బిజెక్ ఆమె తమ్ముడు. మలీటాకు మేనమామ. చింగోలిలో మేనమామ అంటే పెళ్ళికీ చావుకీ తగువుకీ అక్కచెల్లెళ్ళ పిల్లలందరికీ పెద్దదిక్కు. నాయకుడి ముందు ఆడది తన తరఫున తాను మాట్లాడదు, పెద్దదిక్కు మాట్లాడతాడు. ఈ ఏర్పాటు ఎవరు చేశారంటే ఎవరికీ తెలియదు. తెలియని ఏర్పాట్లే మనిషి నెత్తి మీద గట్టిగా కూర్చుంటాయి కాబోలు.

బిజెక్ తన గోధుమరంగు కోటు వేసుకొచ్చాడు. ఆ కోటు వేసుకున్నాడంటే తనను తాను ఇద్దరు మనుషులంత చేసుకున్నట్టే. నాయకుడు కుర్చీలో కుదురుకున్నాడో లేదో, ఇతను ముందుకు వెళ్ళి మోకాళ్ళ మీద వంగి, దోసిళ్ళతో మెల్లగా చప్పట్లు కొట్టి, “దొరా, మా పిల్ల తప్పు చేసింది. చిన్నది, తెలీదు. మమ్మల్ని క్షమించండి” అన్నాడు.

ఆ ప్రాంతంలో మర్యాద అలాగే ఉంటుంది. ఇంకొకరి ఇంటి గుమ్మంలో అడుగు పెట్టినా ముందు క్షమించమనే అంటారు, పెళ్ళి మాటలకు వెళ్ళినా క్షమించమనే మొదలెడతారు. ఆ తరవాతే అసలు సంగతి. కానీ నాయకుడి పక్కన నోటు పుస్తకంతో కూర్చున్న గుమాస్తా సైడ్రెక్ ఆ మాటను మర్యాద కింద రాసుకోలేదు. ‘ఆడపిల్ల తరఫువాళ్ళు నేరం ఒప్పుకున్నారు’ అని రాసి, కింద గీత కూడా గీశాడు.

ఫెలెస్టాకు చదవడం రాదు. గీత గీయడం మాత్రం కనిపించింది. కూర్చున్నచోటి నుంచే ముందుకు పాకి తమ్ముడి కోటు అంచు పట్టుకుని లాగింది.

“ఒరేయ్, నిన్ను మాట్లాడమని పంపానా, సాగిలపడమని పంపానా?”

“అక్కా, వదులు. ఇది పద్ధతి.”

“పద్ధతిని ఆ కోటు జేబులో దాచుకో. జరిగింది చెప్పు. తాళం సంగతి చెప్పు.”

“చెప్తానే, ఆగు. అంతా నేను చూసుకుంటాను” అన్నాడు బిజెక్ పళ్ళు బిగించి, నాయకుడి వైపు నవ్వుతూ.

తాళం సంగతి చెప్పడానికి పెద్ద కథేం లేదు. అది శనివారం మధ్యాహ్నం. మలీటాకు నొప్పులు మొదలైతే ఫెలెస్టా ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. అల్లుడి పేరు డావులో. అతని సైకిల్ వెనక పిల్లను కూర్చోబెట్టి, తను పక్కనే నడుస్తూ, చినుకుల్లో రెండు గంటలు నడిచి ఆసుపత్రికి పోయారు. తీరా చూస్తే తలుపుకు ఈ చేతిమందం తాళం. గేటు దగ్గర కాపలా మనిషి గొడుగు కింద చెరుకు నములుతున్నాడు. నర్సమ్మ జిల్లాలో మీటింగుకి వెళ్ళింది, సోమవారం వస్తుంది, అప్పుడు రండి అన్నాడు. పిల్ల కడుపులోని బిడ్డకు సోమవారం దాకా ఆగే ఓపిక ఉంటుందా అని ఫెలెస్టా అడిగింది. తాళంచెవి తన దగ్గర లేదన్నాడు. పెద్ద ఆసుపత్రి ఇంకా నాలుగు గంటల నడక, మధ్యలో వాగు పొంగి ఉంది. తలుపు ముందున్న సిమెంటు వసారాలో, తన పైగుడ్డ విప్పి పరిచి, ఫెలెస్టా కూతురికి పురుడు పోసింది. తాళానికీ బిడ్డ తలకీ మధ్య రెండు మూరల దూరం ఉందేమో.

ఆమె ముప్పయ్యేళ్ళు మంత్రసానితనం చేసిన మనిషి. ఆ మామిడిచెట్టు కింద కూర్చున్నవాళ్ళలో సగంమంది ఆమె చేతుల్లోకే పుట్టారు. అయినా కాన్పులు ఆసుపత్రిలోనే జరగాలన్న చట్టం చెడ్డదని ఆమె ఎన్నడూ అనలేదు. ఆమె చేతుల మీదే ఇద్దరు ఆడవాళ్ళు నెత్తురు ఆగక పోయారు. వాళ్ళ పేర్లు ఆమెకు గుర్తున్నాయి, వాళ్ళ పిల్లలకు ఇప్పటికీ పండగకి బెల్లం పెడుతుంది. అందుకే చట్టం విన్న మర్నాడే తన బేసినూ బ్లేడ్ల పొట్లమూ తనే తెచ్చి ఇచ్చేసింది. ఊరి పెద్దలు ఫొటో కూడా తీసుకున్నారు.

కానీ ఆ చట్టం ఎలా చేశారో తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది. మీటింగు బడిలో జరిగింది. లోపల తొమ్మిదిమంది మగవాళ్ళు కమిటీ అని కూర్చున్నారు, వాళ్ళలో బిజెక్ ఒకడు. జిల్లా నుంచి ముగ్గురు పెద్దలు వచ్చారు. ఊరి ఆడవాళ్ళంతా బడి వెనక మూడు పొయ్యిలు వెలిగించి, వచ్చినవాళ్ళకు మొక్కజొన్న సంకటి గెలుకుతూ, కోళ్ళు కోస్తూ పొగలో కళ్ళు తుడుచుకుంటున్నారు. పిల్లను కనేది ఎవరు, ఆసుపత్రికి నడిచేది ఎవరు, చట్టం ఎవరి మీద? అంతా పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళ మీదే. వాళ్ళను లోపలికి పిలిచింది మాత్రం అంతా అయిపోయాక. ‘ఇక సంతోషం చెయ్యండి’ అన్నారు. ఏమిటో ఎవరికీ తెలీదు, అయినా పిలిచారు కదా అని అందరూ నాలుకలాడించి లులులులు అని ఊరు మారుమోగేలా కేకలు వేశారు. ఫెలెస్టా కూడా వేసింది. తరవాత ఎవరో చట్టం చెప్పారు. అప్పుడామె పిండి చేయి పైకెత్తి, మరి ఆసుపత్రి మూసి ఉంటే ఎలాగండీ అని అడగబోయింది. ‘తర్వాత అమ్మా, బండి బయలుదేరుతోంది’ అన్నారు. బండి బయలుదేరింది. ఆ తర్వాత ఇంతవరకూ రాలేదు.

నాయకుడు గొంతు సవరించుకున్నాడు. చింగోలి నాయకుడు క్రూరుడేం కాదు. మంచివాడని అనిపించుకోవడం అతనికి ఇష్టం, అదే అతనితో వచ్చిన చిక్కు.

“బిజెక్ మర్యాదగా మాట్లాడాడు. ఒప్పుకున్న మనిషి మీద నేను కర్ర ఎత్తను. చట్టం ప్రకారం మేక ఇవ్వాలి. కానీ నేనూ పిల్లల తండ్రినే. మేక వద్దు. ఒక కోడిపెట్ట ఇవ్వండి, చాలు. ఉత్తరం ఇచ్చేస్తాను.”

జనమంతా చప్పట్లు కొట్టారు. ఎవరో “దొర మనసు వెన్న” అన్నారు. బిజెక్ వెనక్కి తిరిగి అక్క వైపు చూశాడు, చూశావా అన్నట్టు. అతను కనుసైగ చేయగానే వెనక నిలబడ్డ డావులో ముందుకు వచ్చాడు. అతని చంకలో కాళ్ళు కట్టిన గోధుమరంగు కోడిపెట్ట ఉంది.

ఫెలెస్టా కోడిని చూసింది. అల్లుణ్ణి చూసింది. డావులో చూపు దించుకున్నాడు. అత్తగారి ఊళ్ళో కాపురం చేసే అల్లుడికి నోరుండదు, మేనమామ ఏం తెమ్మంటే అది తేవాలి.

“ఈ కోడి ఎప్పుడు పట్టావు?” అంది ఫెలెస్టా.

“నిన్న సాయంత్రం అత్తా. మామ పట్టమన్నాడు.”

“అంటే తీర్పు నిన్ననే అయిపోయిందన్నమాట. ఇవాళ మమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టింది చప్పట్లు కొట్టడానికా?”

సైడ్రెక్ ఈలోపు నోటు పుస్తకంలోంచి మడతపెట్టిన కాగితం తీసి చదివాడు. ‘మలీటా అనే ఆమె ఊరి చట్టాన్ని మీరి ఆసుపత్రి బయట బిడ్డను కన్నది. తన తప్పు ఒప్పుకుంది. నాయకుడు దయతలచి క్షమించాడు. బిడ్డకు పుస్తకం ఇవ్వవచ్చు.’ కాగితం కింద నాయకుడి ముద్ర కూడా అప్పటికే ఉంది. సిరా ఎప్పుడో ఎండిపోయింది. ఉత్తరం కూడా కోడితో పాటే నిన్న తయారైంది.

ఫెలెస్టా లేచి నిలబడింది. ఆడవాళ్ళు నాయకుడి ముందు నిలబడరు. చాపల మీద గుసగుసలు మొదలయ్యాయి.

“దొరా, మాకు క్షమాపణ వద్దు.”

“ఏమిటీ?”

“క్షమాపణ తప్పు చేసినవాళ్ళకి. మా పిల్ల తప్పేం చేసింది? మీరు వెళ్ళమన్న చోటికే వెళ్ళింది. వానలో వెళ్ళింది. నొప్పులు పడుతూ వెళ్ళింది. మీ తలుపు తెరుచుకోలేదు. తప్పేం లేదని రాయండి, ఆ ఉత్తరం తీసుకుని దణ్ణం పెట్టి వెళ్ళిపోతాం.”

“అక్కా, కూర్చో!” బిజెక్ అరిచాడు. “మేక పోయి కోడి అయింది. ఇంకేం కావాలి నీకు? రెండు కోళ్ళున్న ఇంట్లో ఒక కోడికి ఇంత గొడవా?”

“కోడి నాకు ఎక్కువై కాదురా. నువ్వడిగితే రెండూ కోసి వండిపెడతాను. తప్పు చేశానని చెప్పి ఈక కూడా ఇవ్వను.”

“అంటే నీ నోట్లో లేని మాటలు నేను పుట్టించానంటావా?”

“నా నోరు నీకు అప్పజెప్పారు. నువ్వు దాన్ని నిన్న సాయంత్రమే దొరగారి ఇంట్లో వదిలేసి వచ్చావు.”

వెనక నుంచి ఒక ముసలావిడ కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. బిజెక్ మొహం కందగడ్డ అయింది.

“నిన్ను నా వీపున మోశాను” అంది ఫెలెస్టా ఇంకా దగ్గరికి వచ్చి. “నీ ముక్కు నా పైటతో తుడిచాను. మన అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేళ్ళు. చట్టం చేసిన కమిటీలో నువ్వే, ఆ చట్టం కింద మా మీద వచ్చిన తగువులో మా తరఫున నువ్వే. ఇంతవరకూ ఐదు మేకలు వచ్చాయి కదా, ఏమయ్యాయి? ఆసుపత్రికి అన్నారు. ఆసుపత్రి పక్కకి ఒక్క మేక కూడా నడిచింది లేదు. కమిటీవాళ్ళ పొయ్యిల దగ్గర ఎముకలు మాత్రం దొరికాయి.”

“అది కమిటీ మీటింగుల ఖర్చు” అన్నాడు బిజెక్. ఆ మాట అన్నాక తనకే బాగోలేదేమో, కోటు గుండీ పట్టుకుని మెలిపెట్టాడు.

నాయకుడు చేయెత్తాడు. గొంతులో మంచితనం కొంచెం తగ్గింది.

“ఫెలెస్టా, నువ్వు పెద్దదానివని ఊరుకుంటున్నాను. చట్టం అందరికీ ఒకటే. ఆసుపత్రి బయట కంటే తప్పే. లోపల కనలేదు కదా?”

“అందరికీ ఒకటేనా దొరా? అయితే ఒకటి అడుగుతాను. ఆడది ఆసుపత్రికి రాకపోతే మేక. వచ్చినప్పుడు తలుపు తియ్యకపోతే ఎవరికి ఎంత? సైడ్రెక్, నీ పుస్తకంలో ఉందేమో చూడు. అన్ని పేజీలూ తిప్పు, మాకేం తొందర లేదు.”

సైడ్రెక్ నాయకుడి మొహం చూశాడు. ఏం చేయాలో తోచక నిజంగానే పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. అక్కడ ఉన్న చట్టమంతా మూడు పేజీలు, మూడింటిలోనూ ఆడదే ఉంది. ఎప్పుడు నడవాలి, ఎక్కడ కనాలి, ఎవరికి చెప్పాలి, చెప్పకపోతే ఏమివ్వాలి. తలుపు మీద ఒక్క ముక్క లేదు.

“లేదు” అన్నాడు సైడ్రెక్, గొంతు తగ్గించి.

“మరి ఆ మీటింగులో మీరంతా ఉన్నారు కదమ్మా” అన్నాడు కమిటీలో ఒక పెద్దమనిషి బల్ల మీద నుంచి. “సంతోషంతో లులులు అన్నారు కూడా. ఇప్పుడు కాదంటే ఎలా?”

ఫెలెస్టా అతని వైపు తిరిగింది. ఆ తిరగడంలో ఆమె కాలికి తగిలి చాప అంచు మడతపడింది.

“మేం ఉన్నది బడి వెనక. మీరు చట్టం వండుతుంటే మేం సంకటి వండుతున్నాం. మీ చట్టం మాకు రుచి చూపించారా? మా సంకటి మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నావు, నాకు బాగా గుర్తు. కేక వెయ్యమన్నారు, వేశాం. కేక వేసిన నోటితోనే ప్రశ్న అడిగితే బండి వెళ్ళిపోతోందన్నారు. బండి వెళ్ళిపోయింది, మేం ఇక్కడే ఉన్నాం కదా! ఎనిమిది నెలలుగా ఇక్కడే ఉన్నాం. ఒక్కడైనా వచ్చి అడిగాడా?”

చాపల మీది గుసగుసలు ఈసారి వేరేగా ఉన్నాయి. ఒకామె “అదీ నిజమే” అంది పైకి. ఇంకొకామె ఆమె మోచేయి పట్టుకుని లాగింది.

నాయకుడు లేచి నిలబడ్డాడు. నాయకుడు లేస్తే తగువు ముగిసినట్టు.

“ఆడమనిషి పెద్దదిక్కు లేకుండా నా ముందు మాట్లాడకూడదు. ఆమె మాటలు లెక్కలోకి రావు. కోడి ఇస్తే ఉత్తరం. లేదంటే లేదు. ఇస్తుందో లేదో పిల్ల చెప్పాలి, తల్లి కాదు.”

ఇప్పుడు అందరూ మలీటాను చూశారు. మలీటా అంతవరకూ తలెత్తలేదు. అసలు ఆ పిల్లకు గొడవలంటే భయం. సంతలో గింజలు తక్కువ కొలిచినా నోరెత్తదు. వీపున బిడ్డ కదిలాడు, సన్నగా దగ్గాడు. అది మామూలు దగ్గే, పాలు ఎక్కువై వచ్చిన దగ్గు.  కానీ తన పంతం కోసం మనవడికి సూది లేకుండా చేస్తున్నానా అని ఫెలెస్టాకు ఒక్కసారి అనిపించింది. ఇచ్చెయ్యవే, కోడేగా, అందామని నోరు తెరిచింది.

మలీటా లేచి సైడ్రెక్ దగ్గరికి వెళ్ళి కాగితం అడిగింది. ఎనిమిదో తరగతి దాకా చదివింది. నిలబడి మొత్తం చదువుకుంది, పెదవులు కదుపుతూ. తరవాత మడత పెట్టి, రెండు చేతులతో మర్యాదగా తిరిగి ఇచ్చేసింది.

“ఇది నా ఉత్తరం కాదు దొరా. ఇందులో ఉన్న మలీటా ఎవరో చట్టాన్ని మీరింది. నేను ఆసుపత్రికి వెళ్ళాను.”

తరవాత మొగుడి దగ్గరికి వెళ్ళింది. డావులో కోడిని ఇంకా చంకలో పెట్టుకునే ఉన్నాడు. ఆమె వంగి కోడి కాళ్ళకు కట్టిన నార విప్పింది. కోడి రెండడుగులు కుంటి, రెక్కలు దులుపుకుని, ఏమీ జరగనట్టు నాయకుడి కుర్చీ కిందికే వెళ్ళి నేల గీకడం మొదలుపెట్టింది. ఎవరూ నవ్వలేదు. బిజెక్ ఒక్కడే “ఎవరైనా పట్టుకోండి!” అన్నాడు, ఎవరూ కదల్లేదు.

వాళ్ళు ముగ్గురూ వాకిలి దాటి, ఇంటికి కాకుండా, ఆసుపత్రి దారి పట్టారు.  ఊరి చివర వంతెన దాటాక ఫెలెస్టా ఆగింది.

“మలీటా, నేను తప్పు చేశానేమో. వెనక్కి పోదామా? కోడిని పట్టి ఇచ్చేస్తాను. బిడ్డకి సూది ముఖ్యం.”

“ఇప్పుడా చెప్తావు!” మలీటా విసుక్కుంది. “కోపం నీదైతే సరిపోయేది. ఇప్పుడు నాక్కూడా వచ్చింది.”

“ఉత్తరం లేకుండా ఆ నర్సమ్మ రాయదే.”

“రాయకపోతే ఆ వసారాలోనే కూర్చుంటాను. నాకు అలవాటైన చోటే.”

డావులో సైకిల్ నడిపించుకుంటూ వెనక వస్తున్నాడు. “నేను కోడిని తేకుండా ఉండాల్సింది అత్తా” అన్నాడు. అతను అత్తగారి ఊళ్ళో అడక్కుండా మాట్లాడిన మొదటి మాట అదేనేమో.

ఆసుపత్రి తలుపు ఇవాళ తెరిచే ఉంది. తల్లులు వసారాలో వరసగా కూర్చున్నారు. సిస్టర్ జెలెడీ బల్ల వెనక కూర్చుని పుస్తకాలు రాస్తోంది. ఉత్తరాది మనిషి, ముప్పయ్యేళ్ళుంటాయి, ఈ ఆసుపత్రికంతటికీ ఒక్కతే నర్సు. మలీటా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

“చింగోలి ఊరా? నాయకుడి ఉత్తరం?”

“లేదు సిస్టర్.”

“ఉత్తరం లేకపోతే నేను రాయకూడదమ్మా. పై నుంచి ఆర్డరు. వెళ్ళి తీసుకురా.”

“ఉత్తరంలో నేను చట్టం మీరానని రాశారు. నేను ఇక్కడికే వచ్చాను. శనివారం. ఆ తలుపు దగ్గరే కన్నాను.” మలీటా చేయెత్తి చూపించింది. వసారాలో కూర్చున్న తల్లులు అటు తిరిగి చూశారు.

సిస్టర్ కలం ఆగింది. “ఏ శనివారం?”

చెప్పింది.  సిస్టర్ తలుపు వైపు కాకుండా గోడకి అంటించిన కాగితం వైపు చూసింది. మూడు రోజుల శిక్షణ పూర్తి చేసినట్టు దాని మీద ఆమె పేరు, ఆ శనివారం తేదీ ఉన్నాయి. శిక్షణ దేని గురించో కూడా రాసి ఉంది. కాన్పులు సురక్షితంగా చేయడం గురించి.

“నన్ను పిలిచారు, వెళ్ళాను. నా బదులు ఒకర్ని పంపమని అడిగాను. పంపుతామన్నారు” అంది గొంతు తగ్గించి. “సోమవారం వచ్చాక వసారా కడిగించాను. నెత్తురు చూసి ఎవరో మేకను కోశారనుకున్నాను.”

ఫెలెస్టా ముందుకు జరిగింది. “మా పిల్ల నెత్తురమ్మా అది. నువ్వు ఉంటే లోపల కాన్పు బల్ల మీద పడాల్సిన నెత్తురు. నువ్వు ఉండకపోవడం నీ తప్పు కాదంటావు, తాళంచెవి లేకపోవడం కాపలా మనిషి తప్పు కాదంటాడు, బండి వెళ్ళిపోవడం జిల్లావాళ్ళ తప్పు కాదు, చట్టంలో తలుపు మాట లేకపోవడం దొర తప్పు కాదు. అందరూ చేతులు దులుపుకున్నాక మిగిలింది మా పిల్ల ఒక్కతే. అందుకని దానికి కోడిపెట్టంత తప్పు కట్టబెట్టారు. తీసుకోమంటున్నారు, చిన్నదేగా అని.”

సిస్టర్ తల వంచుకుని వింది. బిడ్డ ఏడవడం మొదలుపెట్టాడు. మలీటా వాణ్ణి వీపు మీంచి ముందుకు తిప్పుకుని పాలు పట్టింది.

“నేను రాస్తే నాయకుడు నన్ను పిలుస్తాడు” అంది సిస్టర్ చివరికి. “నేనుంటున్న ఇల్లు ఊరిది. నాకు ఇక్కడ ఎవరూ లేరు. నా తరఫున ఎవరు మాట్లాడతారు? నాకు ఈ ఊళ్ళో మేనమామ లేడు.”

“మేనమామలతో మేం పడ్డది చాలు. నేను మాట్లాడతాను.”

“మీరా? ఆడవాళ్ళు మాట్లాడొచ్చా?”

“కూడదు. ఇవాళ పొద్దున మాట్లాడాను. మామిడిచెట్టు ఇంకా అక్కడే ఉంది.”

సిస్టర్‌కు నవ్వు వచ్చింది, దాన్ని సగంలో ఆపుకుంది. కొత్త పుస్తకం ఒకటి తీసి బిడ్డ పేరు అడిగింది. మలీటా చెప్పింది. తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ. ‘పుట్టిన చోటు’ అన్న దగ్గర కలం మళ్ళీ ఆగింది. వసారాలో తల్లులు మాటలు ఆపేశారు. సిస్టర్ ఒకసారి తలుపు గడియ వైపు చూసి, వంగి రాయడం మొదలుపెట్టింది. ఆ గీతలో పట్టేదానికన్నా ఎక్కువే రాసింది, పక్కనున్న ఖాళీలోకి కూడా వెళ్ళింది. కింద సంతకం పెట్టి పుస్తకం మలీటా చేతికిచ్చింది.

“చదువు” అంది ఫెలెస్టా.

“‘ఈ ఆసుపత్రి వసారాలో పుట్టాడు. తల్లి సమయానికి వచ్చింది. తలుపుకు తాళం వేసి ఉంది. నర్సునైన నేను లేను. జెలెడీ.’”

“మళ్ళీ చదువు. బయట కూర్చున్నవాళ్ళకి వినిపించేట్టు.”

మలీటా గొంతు పెంచి రెండోసారి చదువుతుంటే, సిస్టర్ బిడ్డ తొడ దూదితో తుడిచి, సూది అందుకుంది.